బీరువాలు తెరిచి ఇచ్చిన మీ అందరికీ

అందరికీ నమస్కారం. ఈ పోస్టు రెండు నెలల కిందే పెట్టాల్సింది, కానీ ఎవరి బట్టలు వాళ్లకి భద్రంగా చేర్చేదాకా థాంక్స్ చెప్పే ధైర్యం రాలేదు. నిన్న సాయంత్రం మాగుంట లేఅవుట్ అక్క లంగావోణీ కూడా ఇచ్చేసి వచ్చాను, ఇప్పుడు హాయిగా రాస్తున్నా.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. బెంగళూరులో ఒక మ్యూజియం వాళ్లు చేనేత గుడ్డతో ఈ కాలం బట్టలు కుట్టే డిజైనర్ల మీద ఎగ్జిబిషన్ పెడుతూ నావి కూడా కావాలన్నారు. ఎగిరి గంతేసి, కొత్తగా ఏం కుట్టి పంపమంటారు అని అడిగితే, కొత్తవి వద్దండీ, 2011లో మీరు షాపు పెట్టిన కొత్తల్లో కుట్టినవి కావాలి అన్నారు. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. నా దగ్గర ఒక్కటి ఉంటే ఒట్టు. నెల్లూరు సంతపేటలో ఒక్క గది, రెండు మిషన్లు, కుట్టింది కుట్టినట్టు అమ్మితేనే అద్దె, ఇంక దాచుకునేదేంటి, మిగిలిన ముక్కలతో పొట్లీ బ్యాగులు చేసి అవీ అమ్మేశాను.

అప్పుడే ఇక్కడ పోస్టు పెట్టాను, పాతవి ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని. ఒకటో రెండో వస్తాయనుకున్నా. వారంలో 23 వచ్చాయి! కావలి నుంచి ఒకరు బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపారు. ఒంగోలు వదిన ఐతే కలరా ఉండల వాసనతో సహా పెట్టె పెట్టెగానే తెచ్చారు. మన పాటూరు ఊళ్లో నేసే కాటన్ లాంగ్ ఫ్రాకులు, ఓణీల ఫంక్షన్ లంగాలు, నేను కుట్టానని నేనే మర్చిపోయిన జాకెట్లు. కొన్ని చూసి సిగ్గేసింది కూడా, ఆ రోజుల్లో అంత లావు పైపింగ్ ఎందుకు వేశానో నాకే తెలీదు.

స్టోన్‌హౌస్‌పేట డ్రైక్లీనింగ్ భాయ్‌కి ప్రత్యేకంగా థాంక్స్. మర్యాదగా పంపాలి కదా అని అలవాటు కొద్దీ అన్నీ ఆయనకి ఇచ్చేశాను, ఆయనేమో మెషిన్‌లో వేసేముందు ఎందుకో అనుమానం వచ్చి ఫోన్ చేశాడు. నేను మ్యూజియం మేడమ్‌ని అడిగితే ఆవిడ దాదాపు అరిచినంత పని చేసింది, ఉతకొద్దు, ఇస్త్రీ వద్దు, ఉన్నదున్నట్టు పంపండి అని. మరకలున్నాయండీ అన్నా. దానికి ఆవిడ చెప్పింది, 2023లో లండన్ డిజైన్ మ్యూజియంలో ‘ది ఆఫ్‌బీట్ శారీ’ అనే ఎగ్జిబిషన్‌లో ఓ 60 చీరల దాకా పెట్టారట, అందులో వ్యాపారవేత్త నటాషా పూనావాలా 2022లో న్యూయార్క్ ఫ్యాషన్ వేడుక మెట్ గాలాకి కట్టుకెళ్లిన డిజైనర్ సబ్యసాచి చీరా ఉంది, ఉత్తరప్రదేశ్‌లో ఆడవాళ్ల మీద హింసకి ఎదురు తిరిగే గులాబీ గ్యాంగ్ ఆడవాళ్లు కట్టుకునే మామూలు గులాబీ రంగు చీరా ఉంది. ఎవరు, ఎక్కడ కట్టుకున్నారన్నది గుడ్డలోనే ఉంటుంది, దాన్ని ఉతికేస్తే ఎలా అంది.

తర్వాత మొదలైంది అసలు పని. ప్రతి బట్టకీ ఒక రిపోర్టు రాయాలి, ఎక్కడ చిరిగింది, ఎక్కడ జరీ నల్లబడింది, అన్నీ ఫొటోలతో. ‘ఎడమ చంక కింద పసుపు మరక, రూపాయి బిళ్లంత’ అని నేను రాస్తుంటే ఆ జాకెట్టు అక్క పక్కనే కూర్చుని, అది నలుగు రోజుదే, మా అత్త చెయ్యి తగిలింది అని చెప్తోంది. లోపల చూస్తే సైడు కుట్లు రెండుసార్లు విప్పి లూజు చేసిన గీతలు, ఇద్దరు పిల్లలకి రెండుసార్లు. ఆ గీతలు కనపడేలాగే నిలబెట్టారు దాన్ని.

అక్కడికి చేరగానే అన్నిటినీ కవర్లలో సీల్ చేసి, పురుగు, గుడ్లు చావడానికి డీప్ ఫ్రీజర్‌లో పెట్టారు. ఈ ముక్క చెప్పాక నాకు వచ్చిన ఫోన్లు అన్నీ ఇన్నీ కాదు. నా పెళ్లి లంగా రొయ్యలా అమ్మా అన్నారొకరు. నెల్లూరోళ్లం కదా, ఫ్రీజరంటే మనకి రొయ్యలే గుర్తొస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ మంది ఆగి చూసింది జేజి కోటుని. 2013లో ఒకమ్మాయి వాళ్ల జేజి వెంకటగిరి చీర తెచ్చింది, మడతల దగ్గర చీలిపోయింది, బాగున్నంత మేర కోసి మోకాళ్లదాకా కోటు కుట్టాను. (వెంకటగిరి 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది, కానీ మాకు అది మన వెంకటగిరే.) అది జాందానీ, మగ్గం మీద నేసేటప్పుడే బుటా దారాన్ని చేత్తో పడుగులోకి, అంటే నిలువు దారాల్లోకి ఎక్కిస్తారు, అందుకే లోపలి వైపు దారాలు వేలాడవు. అది తెలియడానికి కోటు అంచు కొంచెం ఎత్తి కింద అద్దం పెట్టారు. కోటు తొడిగే షాపు బొమ్మ సైజు పెద్దదైతే చిన్న బొమ్మ తెచ్చి, ఆ పిల్ల భుజాలకి సరిపోయేదాకా దూది పొరలు చుట్టి తొడిగారు. నేను ట్రయల్‌కి కూడా అంత ఓపిక పట్టలేదు ఎప్పుడూ.

చీర కోసినందుకు ఆ రోజు జేజి నన్ను, "ఏమ్మే, కత్తెర పెట్టేదానికి చెయ్యెట్టా వచ్చింది నీకు" అని షాపులోనే తిట్టింది. ఇప్పుడు మనవరాలితో బెంగళూరు వచ్చి కోటు ముందు చాలాసేపు నిలబడి, "ఇంత బిల్డింగు కట్టి లైట్ల కాడ పిసినారితనమేందో" అంది. రంగు వెలిసిపోకుండా 50 లక్స్‌కి మించి వెలుగు పెట్టరు జేజీ, ఒకసారి వెలిస్తే మళ్లీ రాదు అని చెప్పా. వింది. కోటు గురించి మాత్రం ఒక్క మాట అనలేదు, తిట్టనూ లేదు, అదే చాలు నాకు.

కొరియర్ వాళ్లు ఇన్సూరెన్స్ కుదరదని చివరి రోజు చేతులెత్తేస్తే, పెట్టెలు సీట్లో పెట్టుకుని రాత్రి బస్సులో తీసుకెళ్లిన తమ్ముడూ, నీకు భోజనం బాకీ ఉన్నా.

ఇంకొక్క పని మిగిలింది. ఎగ్జిబిషన్‌కి ఎంపిక కానివాటిలో ఒక జాకెట్టు నా దగ్గరే ఉండిపోయింది, పేరు లేని కవర్లో వచ్చింది. ముదురాకుపచ్చ పాటూరు కాటన్, వెనక మూడు గుండీలు, మధ్యది వేరే రంగు. మీదైతే షాపుకొచ్చి తీసుకెళ్లండి, రాత్రి ఎనిమిదిదాకా ఉంటాను. లూజు చేయాలన్నా చెప్పండి, లోపల ఇంకా ఇంచిన్నర గుడ్డ ఉంది.