బీడు కాదు నాన్నగారూ

మాంచెస్టర్,
ఆగస్టు 25

నాన్నగారికి నమస్కారాలు.

నేను పంపిన ఫొటో చూసి, "అంత కొండను బీడు పెట్టుకున్నారేమిటి, గొర్రెలకైనా వదలొచ్చు కదా" అన్నారు. ఫోనులో సరిగా చెప్పలేకపోయాను.

ఆ కొండ పేరు కిండర్ స్కౌట్. హేఫీల్డ్ అనే ఊళ్లో బస్సు దిగి, లోయ వెంట పైకి నడిచాను. రెండు వైపులా హెదర్ పొదలు మోకాలెత్తున ఊదారంగులో పూసి ఉన్నాయి. ఒక రెమ్మ తుంచి చూస్తే పువ్వు బియ్యపు గింజంత కూడా లేదు. కాడ మాత్రం చీపురుపుల్లలా గరుకు. పొదల్లోంచి గ్రౌస్ అనే పక్షి లేచి "గోబ్యాక్, గోబ్యాక్" అని అరిచింది. సైమన్ కమిషన్ గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఒకప్పుడు ఈ పక్షుల వేట కోసమే దొరలు ఇక్కడికి ఎవరినీ రానిచ్చేవారు కాదట. ఆ అడ్డును ధిక్కరించి 1932 ఏప్రిల్‌లో వందలమంది కుర్రకారు ఈ లోయ గుండానే కొండెక్కారు. అయిదుగురు జైలుకు వెళ్లారు.

పైన ఉన్నది మన మట్టి కాదు, పీట్. నాచు పూర్తిగా కుళ్లకుండా పేరుకుని నల్లగా అయిన పదార్థం. మీటరు మందం పేరుకోవడానికి సుమారు వెయ్యేళ్లు పడుతుంది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల పొగ, ఆమ్లవర్షాలు ఆ నాచును చంపేశాయి. మిగిలిన పచ్చదనాన్ని మీరన్న గొర్రెలు మేసేశాయి. ఆపైన వానకు పీట్ కొట్టుకుపోయి, మనిషి లోతు వంకలు పడ్డాయి.

1982లో నేషనల్ ట్రస్ట్ అనే ప్రకృతి, వారసత్వ సంరక్షణ సంస్థ ఈ కొండను కొన్నది. పులుపెక్కిన నేల మీద సున్నం చల్లి, గడ్డి విత్తారు. కోసిన హెదర్‌ను హెలికాప్టర్లలో తెచ్చి వట్టి నేల మీద పరిచారు. వంకలకు అడ్డంగా రాళ్లు పేర్చారు. అచ్చం మన వాటర్‌షెడ్ పనే, కాకపోతే రాళ్లు కూడా గాల్లోంచి దిగాయి! ఆ కట్టల వెనక నీళ్లు నిలిచిన చోట పీట్‌గా మారే ఆ నాచునే, స్ఫాగ్నమ్ అంటారు, చేత్తో మళ్లీ నాటారు. నేను గుప్పెడు తీసి పిండితే స్పంజిలా నీళ్లు కారాయి. అటు తిరిగేలోగా మోకాలి దాకా బురదలో దిగబడ్డాను. బూటు పైకి లాగడానికి ఇద్దరు కావలసి వచ్చారు. అమ్మకు చెప్పకండి.

ఎండాకాలంలో ఇక్కడ నిప్పు భయం ఎక్కువ. పీట్ ఎండితే లోలోపలే రోజుల తరబడి రగులుతుంది.

మన పైచేను వంకకు వేసిన రాతికట్ట ఈ వానలకు నిలిచిందా? దాని వెనక ఎంత మేర ఒండ్రు చేరిందో కొలిచి రాయండి.

మీ
అమ్మాయి