దాచిందేమున్నదిరా రమేశ్

బోధన్

అరే రమేశ్,

నా పన్ను కేసు ఏమైందని అడిగితే నేను జవాబియ్యలేదని అలిగినవట, మీ అమ్మ చెప్పింది. ఫోన్ల చెప్తే సగం నీకు వినపడది, మిగిలిన సగానికి నువ్వు నవ్వుతవ్. అందుకే కూసొని రాస్తున్న.

సర్వీస్ ట్యాక్స్ కేసుల ఆర్డర్ వచ్చిందిరా. 2017 జులైల జీఎస్టీ వచ్చినంక పీడ పోయిందనుకున్నం గదా. 2021 అక్టోబర్ 21న షోకాజ్ నోటీసు ఇంటికే వచ్చింది. 2016-17ల ఇండ్లు, గోడౌన్ కట్టిచ్చిన కాంట్రాక్టు పైసలని నేను ఇన్‌కమ్ ట్యాక్సోళ్లకు చూపిన 62 లక్షలు పట్టుకొని, మొత్తం మీద 15 శాతం లెక్కన 9 లక్షల 30 వేలు కట్టుమన్నరు. పైన వడ్డీ, పెనాల్టీ వేరే. సిమెంటు, ఇసుక, ఇటుక అన్నీ సర్వీసేనట!

అందుల 24 లక్షలు ఇండ్లవి. మీ మేనత్త ఇల్లు గూడ అందుల్నే. విడిగ ఒక్క ఇల్లు కొత్తగ కడితే 2012 జులై నుంచి పన్ను లేనేలేదు. మిగిలిన 38 లక్షలు గోడౌన్. దానికి పన్నుంది, కాదనను. కానీ సామానుతోటి చేసిన కొత్త పనికి బిల్లుల 40 శాతమే సర్వీసు కింద లెక్క. అంటే పన్ను 2 లక్షల 28 వేలు. కట్టించుకున్నది కంపెనీ, గనుక సగం వాళ్లే కట్టాలె. నా పాలు లక్షా 14 వేలు. ఆఫీసర్ ఇంతవరకు ఒప్పుకున్నడు. మంచోడే, చాయ్ గూడ తాగిపిచ్చిండు.

అసలు పేచీ తారీఖు కాడ. గోడౌన్ బిల్లు ఆగస్టుది. ఆ ఆర్నెల్ల సర్వీస్ ట్యాక్స్ లెక్క చూపే రిటర్న్‌కు గడువు 2016 అక్టోబర్ 25. అక్కడి నుంచి 30 నెలల్ల నోటీసియ్యాలె, అంటే 2019 ఏప్రిల్‌కే ఖతం. మోసం చేస్తెనో, కావాలని దాస్తెనో అయితే ఐదేండ్లు. నాకు నాలుగు రోజులు మిగిలుండంగ వచ్చింది. అందుకే ఆర్డర్ల "దాచిండు" అని రాసిండ్రు. ఆ ఒక్క మాట తీసేస్తే కేసే ఉండది.

ఏం దాచిన్రా? పైసలు బ్యాంకుల పడ్డయి. కంపెనీ బిల్లులనే ముందుగాల ఇన్‌కమ్ ట్యాక్స్ (టీడీఎస్) కోసి నా పాన్ మీద ఎక్కిచ్చింది. ఆ సర్కారు కాయితాలు చూసే గదా నన్ను పట్టుకున్నరు! సర్వీస్ ట్యాక్స్ రిజిస్ట్రేషన్ తీసుకోలేదు, అది తప్పే. తెల్వకపోవుడు, దాచుడు ఒకటేనా? కట్టకపోయినంత మాత్రాన దాచినట్టు కాదని సుప్రీంకోర్టు 2013లనే యూనివర్త్ టెక్స్‌టైల్స్ కేసుల చెప్పిందట. ఆడిటర్ సాబ్ ఇంకో తీర్పు తీసిండు, ఎవరిదో తెల్సా? మన శక్కర్‌నగర్ నిజాం షుగర్‌ది, 2006ది. డిపార్టుమెంటుకు ముందే తెల్సిన సంగతి మీద మళ్ల నోటీసిచ్చి, దాచిండ్రని అనొద్దన్నరు. నాకు అచ్చంగ అతకదు, వాళ్లకు అంతకుముందే ఒక నోటీసుండె. అయినా చెరుకు బండ్ల ఎనక ఉరికి గడలు గుంజుకున్న ఫ్యాక్టరీ నా అప్పీలుకు పనికొస్తదని అనుకున్నమా?

ఇంకో తమాష. వట్టిగ రిటర్న్‌ల తేడా చూసి నోటీసులు పంపకుండ్రి, సరిగ్గ విచారించి పంపుండ్రని ఈ పన్నులు చూసే ఢిల్లీ బోర్డు మళ్లొకసారి గట్టిగ చెప్పింది. ఎన్నడు? 2021 అక్టోబర్ 26న. నాది వచ్చిన ఐదు రోజులకు!

అప్పీలుకు రెండు నెలలే టైము. ముందుగాల పన్నుల ఏడున్నర శాతం, 8,550 కట్టాలె. "లక్షే గదా, కట్టి పారెయ్" అంటది మీ చెల్లె. వడ్డీ, పెనాల్టీ కలిస్తే లక్షతోటి పోదు. పోయినా సరే, దాచిండన్న మాట కింద నేను సంతకం పెట్టరా.

నువ్వు షార్జా పోకముందు రాసిన గోడౌన్ కొలతల పుస్తకం మీ ఇంట్ల ఇనుప పెట్టెల ఉన్నది. తాళం ఇయ్యుమంటే "వాడు చెప్తేనే తీస్త" అంటుంది అమ్మ. జర ఇయ్యాల్నే ఫోన్ చెయ్యి. అందుల నువ్వేం దాచినవో నేను సూడనుగాని.

నీ
శీను