‘సఫర్’కు ఒక్క అర్థం చాలదు

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యార్థుల పేజీలో వచ్చే ఇంగ్లిషు మాటల పట్టికను మా వీధి పిల్లలు కత్తిరించి నోటుపుస్తకాల్లో అంటించుకుంటారు. సాయంత్రాలు వాళ్లకు పాఠాలు చెబుతాను కాబట్టి నేనూ విడవకుండా చదువుతాను. ఇటీవల ‘సఫర్’ అనే క్రియకు ‘బాధపడు’ అని ఒక్క మాట రాసి వదిలేశారు. అది తప్పు కాదు, కానీ చాలదు.

ఆ పట్టిక అంటించుకున్న పదో తరగతి అమ్మాయి మొన్న వాళ్ల తాతగారి పాత ఇంగ్లిషు బైబిలు తెచ్చింది. మార్కు సువార్త 10వ అధ్యాయం, 14వ వచనం మీద వేలు పెట్టి, “టీచర్, చిన్నపిల్లలు బాధపడాలని యేసు ప్రభువు అన్నారా?” అని అడిగింది. పాపం, ముఖం చిన్నబోయింది. 1611 నాటి ఆ అనువాదంలో ‘సఫర్’ అంటే అనుమతించడం. మన తెలుగు బైబిలులో అక్కడ ‘రానియ్యుడి’ అనే ఉంది.

లాటిన్‌లో ‘సబ్’ అంటే కింద, ‘ఫెర్రె’ అంటే మోయడం. రెండూ కలిస్తే బరువు కింద నిలబడి మోయడం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చిన ఈ మాటకు మొదటి నుంచీ ఓర్చుకోవడమే ప్రాణం. ఓర్చుకుని ఊరుకుంటే ఒప్పుకున్నట్టే కదా. మౌనం అర్ధాంగీకారమని మనమూ అంటాం. అనుమతి అనే అర్థం అలా వచ్చింది. ఇప్పుడది దాదాపు వాడుక తప్పింది.

నాకు మరీ ఇష్టమైన సంగతి ఇంకొకటి ఉంది. లాటిన్ ‘ఫెర్’, సంస్కృతంలోని ‘భృ’ ధాతువు, మోయడం అనే అర్థమున్న ఇంగ్లిషు ‘బేర్’ ఒకే మూలం నుంచి పుట్టాయి. సంస్కృతంలో మాట మొదట ‘భ’ ఉన్నచోట లాటిన్‌లో ‘ఫ’, ఇంగ్లిషులో ‘బ’ వస్తాయి: భ్రాత, ఫ్రాటెర్, బ్రదర్. సంస్కృతానికీ లాటిన్‌కూ ఉన్న ఈ చుట్టరికాన్ని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ ఎత్తిచూపారు. తెలుగు ద్రావిడ భాషే అయినా భారం, భరించడం మనకు సంస్కృతం నుంచి, ఆ ధాతువు ద్వారానే వచ్చాయి. అంటే ‘సఫర్’ పక్కన ‘భరించు’ అని రాస్తే పిల్లవాడికి అర్థమూ, దాని పుట్టుకా ఒకేసారి అందుతాయి. ‘ఇన్‌సఫరబుల్’ అంటే భరించలేనిది అని వాడే చెప్పేస్తాడు.

పట్టికలో మాటలు సగానికి తగ్గినా సరే, ఒక్కోదానికి రెండు వాక్యాల చరిత్ర ఇవ్వండి. ‘పేషెంట్’తో మొదలుపెట్టండి. రోగికీ, ఓర్పు గలవారికీ ఒకే మాట ఎందుకయిందని మా పిల్లలు ఇప్పటికే అడుగుతున్నారు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి