ఎవరితో కలిసి తింటున్నారో కూడా అడగండి

సంపాదకులకు నమస్కారం.

పర్లాకిమిడిలో మా వీధిలో చాలా ఇళ్లలో ఇప్పుడు ముసలివాళ్లే మిగిలారు. పిల్లలు విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, సూరత్‌లోనో ఉంటున్నారు. రోజూ వీడియో కాల్ చేసి "తిన్నావా అమ్మా?" అని అడుగుతారు. "తిన్నాను నాయనా" అని వీళ్లు చెబుతారు. ఏం తిన్నారో పక్కన ఉండే మాకు తెలుసు. మా పక్కింటి పెద్దమ్మ పొద్దున కాస్త బియ్యం పడేసి, అదే అన్నం రెండు పూటలా ఊరగాయతో సరిపెడుతుంది. కొన్ని రాత్రులు టీ, రెండు బిస్కెట్లు, అంతే. ఒకప్పుడు ఆమె ఆవ పెట్టి పనసపొట్టు కూర వండితే వీధంతా గిన్నెలు పట్టుకుని వెళ్లేవాళ్లం. ఇప్పుడడిగితే "ఒక్కదానికి ఆ చాకిరీ ఎందుకమ్మా" అంటుంది. డబ్బు లేక కాదు, ఓపిక లేకా కాదు. కార్తీక వనభోజనాలకు తీసుకెళ్తే అందరికంటే ముందు కత్తిపీట అందుకుంది. మారు అడిగి మరీ వడ్డించుకుంది.

2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు కొందరిని ఒక రోజు పది గంటలు మనుషులకు దూరంగా, మరో రోజు పది గంటలు పస్తు ఉంచి చూశారు. ఒంటరిగా ఉన్నాక జనం కలిసి ఉన్న ఫొటోలు, పస్తు తర్వాత తిండి ఫొటోలు చూపిస్తే మెదడులో ఒకే చోట స్పందన కనిపించింది. పెద్దమ్మకు ఆ రెండు ఆకళ్లూ ఉన్నాయి.

పిల్లల సంగతీ చూడండి. ఫోన్ పట్టుకుని ఒంటరిగా తినే పిల్లకు తోటకూర ఎలా అలవాటవుతుంది? 1980లో లియాన్ బర్చ్ అనే శాస్త్రవేత్త, ఒక కూరగాయ అంతగా నచ్చని చిన్నపిల్లల్ని, అది ఇష్టపడే పిల్లలతో కలిపి కొన్నాళ్లు భోజనానికి కూర్చోబెట్టారు. వాళ్లూ దాన్నే ఎంచుకోవడం మొదలుపెట్టారు. కొన్ని వారాల తర్వాతా ఆ ఇష్టం పోలేదు. నేను టీచరుగా ఉన్నప్పుడు మధ్యాహ్న భోజనం దగ్గర ఇదే చూసేదాన్ని. మొదట దాల్మాలో (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు) గుమ్మడికాయ ఏరి పక్కన పెట్టిన పిల్లలే, పక్కవాళ్లను చూసి నెమ్మదిగా తినేవారు.

ఇళ్లకు వచ్చే ఆరోగ్య కార్యకర్తలు బీపీ, షుగర్ రాసుకుని వెళ్తున్నారు. ఎవరితో కలిసి తింటున్నారో కూడా అడిగి రాసుకోవాలి. ఒంటరిగా తినేవాళ్లెవరో తెలిస్తే, దగ్గర్లోని అంగన్‌వాడీలో మధ్యాహ్నం పిల్లల పక్కనే వాళ్లకూ పంక్తి వేయవచ్చు. ఇంటికి క్యారియర్ పంపితే సరిపోదు, అప్పుడూ ఒక్కరే కూర్చుని తినాలి కదా. బియ్యం మేమే తెస్తామని మా వీధి పెద్దవాళ్లు అంటున్నారు. వంటకు మా మహిళా సంఘం సిద్ధంగా ఉంది. చోటు, అనుమతి ఇవ్వాలని జిల్లా అధికారులను కోరుతున్నాం.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయిని, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా