టవర్లు తర్వాత, ముందు సెంటర్ సంగతి చూడు

హైదరాబాద్

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది, హాలు ఫోటోలు కూడా చూశాను. ఇల్లు చాలా బాగా కుదిరిందిరా. కిటికీ పక్కన కుర్చీలో అమ్మ కూర్చున్న ఫోటో మరీ నచ్చింది. చెల్లాయిని, బుడ్డోణ్ణి అడిగానని చెప్పు.

ఇక స్పీకర్ల సంగతికి వస్తాను. లక్షన్నర పెట్టి నేల మీద నిలబడే రెండు పెద్ద టవర్ స్పీకర్లు కొంటానన్నావు. టీవీ కింద మధ్యలో పెట్టే సెంటర్ స్పీకర్‌కి మాత్రం పాత సెట్‌తో వచ్చిన ఆ చిన్న డబ్బానే ఉంచేస్తానన్నావు. వద్దురా. అదే ఉత్తరంలో కింద ఇంకో మాట రాశావు చూడు, "అమ్మకి సినిమాలో మాటలు అర్థం కావట్లేదు, సౌండ్ పెంచితే పాట రాగానే తగ్గించమంటోంది" అని. నువ్వు ఏం కొనాలో ఆ ఒక్క మాటలోనే ఉంది.

5.1 మిక్స్‌లో, అంటే ఐదు స్పీకర్లకీ, కింది శబ్దం మోగించే సబ్ వూఫర్‌కీ విడివిడిగా పంచిన సినిమా శబ్దంలో, పాత్రల మాటలు దాదాపు అన్నీ సెంటర్ ఛానల్లోనే ఉంటాయి. సినిమా హాల్లో తెర వెనక మధ్యలో ఒక స్పీకర్ ఉంటుంది, దాని శబ్దం బయటికి రావడానికే తెరకి సన్న చిల్లులు వేస్తారు. ఏ పక్క సీట్లో కూర్చున్నా మాట హీరో నోట్లోంచే వస్తున్నట్టు అనిపించేది అందుకే. ఇంట్లో ఆ పని చేయాల్సింది టీవీ కింద పెట్టిన సెంటర్. నీ దాంట్లో శబ్దం పుట్టించే కోన్ 3 అంగుళాలదే. మగ గొంతులోని నిండుదనం దానికి అందదు, పెంచితే గీరుకుంటుంది. రెండు పక్కలా ఎంత గొప్ప టవర్లు నిలబెట్టినా మాట మాత్రం ఆ చిన్న కోన్‌లోంచే రావాలి కదా. పైగా కారు ఎడమ నుంచి కుడికి దూసుకెళ్లే సీన్లో, బండి మధ్యకి రాగానే ఇంజిన్ గొంతే మారిపోతుంది. ముందు వరసలో మూడూ ఒకే కంపెనీవి, ఒకే సిరీస్‌వి అయితేనే ఆ తేడా తెలియదు. అందుకే ఫ్రంట్స్, అంటే ముందు స్పీకర్లు, రెండని అనుకోకు, మూడు. డబ్బులు కూడా మూడింటికీ పంచు.

అలా పంచితే టవర్లు బడ్జెట్లోకి రావంటావు. రాకపోయినా నష్టం లేదు. నీ దగ్గర 10 అంగుళాల సబ్ వూఫర్ ఉంది. స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్లో ఫ్రంట్స్‌ని "స్మాల్" అని పెట్టి, క్రాసోవర్‌ని, అంటే శబ్దాన్ని స్పీకర్లకీ సబ్‌కీ విడగొట్టే హద్దుని, 80 హెర్ట్జ్ దగ్గర ఉంచితే అంతకన్నా కింది శబ్దమంతా సబ్‌కే పోతుంది. టవర్‌కి నువ్వు అదనంగా ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం ఆ కింది శబ్దం కోసమే. 6.5 అంగుళాల వూఫర్ (కింది శబ్దం పలికే కోన్) ఉన్న మంచి బుక్‌షెల్ఫ్, అంటే స్టాండ్ మీద పెట్టే చిన్న స్పీకర్, 80 హెర్ట్జ్ దాకా సులువుగా దిగుతుంది, మిగతాది సబ్ చూసుకుంటుంది. ఇంకోటి, నీ టీవీ గోడ వెడల్పు 11 అడుగులే. పెద్ద టవర్లు పెడితే రెండూ మూలల్లోకి నెట్టుకుపోతాయి. మూలకి చేరినకొద్దీ బాస్ ఉబ్బి గుంయ్‌మని మోగుతుంది. బుడ్డోడు ఇప్పుడిప్పుడే పట్టుకుని నిలబడుతున్నాడన్నావు, వాడు పట్టుకుని లాగడానికి పొడుగాటి పెట్టె లేకపోవడమే మంచిది. బుక్‌షెల్ఫ్‌లని బరువైన స్టాండ్ల మీద పెట్టి బిగించు, ముందు కప్పే గ్రిల్స్ ఎప్పుడూ తీయకు. పై శబ్దం పలికే ట్వీటర్ గుండ్రటి బొడిపె చూస్తే వేలు పెట్టి నొక్కకుండా ఉండలేరు పిల్లలు.

ఎడమ, కుడి బుక్‌షెల్ఫ్‌ల మధ్య ఎడం 8 అడుగులు చాలు. నీ సోఫా 10 అడుగుల దూరంలో ఉంది కాబట్టి మధ్య గీత నుంచి చెరో పక్కా 22 డిగ్రీలు వస్తుంది. సినిమా శబ్దాల కంపెనీ డాల్బీ చెప్పే 22 నుంచి 30 డిగ్రీల లెక్కలోకి సరిపోతుంది. ట్వీటర్లు కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం. అమ్మ కుర్చీ సోఫా మధ్యలో లేదు, కిటికీ వైపు బాగా పక్కకి ఉంది. ఫోటో చూసి లెక్కేస్తే సెంటర్ నుంచి సుమారు 30 డిగ్రీల వాలు. షాపుల్లో దొరికే సెంటర్లలో చాలావాటికి అడ్డంగా రెండు వూఫర్లు, మధ్యలో ట్వీటర్ ఉంటాయి. టీవీ కింద ఇమడాలని అలా పడుకోబెడతారు. ఎదురుగా కూర్చుంటే బాగానే ఉంటుంది. పక్కకి జరిగితే ఒక వూఫర్ నీకు దగ్గరగా, ఇంకోటి దూరంగా అవుతుంది. రెండిటి మధ్య 14 అంగుళాలు ఉన్నాయనుకో, 30 డిగ్రీల పక్కన కూర్చున్న మనిషికి ఒకదాని శబ్దం 7 అంగుళాలు ఎక్కువ ప్రయాణం చేసి వస్తుంది. 950 హెర్ట్జ్ చుట్టుపక్కల అది సరిగ్గా సగం తరంగం, కాబట్టి రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మనిషి గొంతులో ముఖ్యమైన భాగం ఉన్నచోటే గుంట పడుతుంది. అంటే ఇంట్లో ఎవరి కోసం కొంటున్నావో ఆ మనిషి కుర్చీ దగ్గరే మాట పలచబడుతుంది. ట్వీటర్ కిందికి దిగగలిగితే ఈ గుంట తగ్గుతుంది గానీ, రెండు వూఫర్ల మామూలు సెంటర్‌లో దాన్ని పూర్తిగా తప్పించడం కష్టం.

దీనికి మూడు దారులున్నాయి. ఒకటి, త్రీ-వే సెంటర్. అందులో మధ్య శబ్దం పలికే చిన్న మిడ్ రేంజ్ కోన్, దాని పైన ట్వీటర్ నిలువుగా ఉంటాయి, వూఫర్లు అటూ ఇటూ ఉండి కింది శబ్దం మాత్రమే చూసుకుంటాయి. బాగుంటుంది, కానీ ఖరీదు. రెండోది, ముందు పెట్టే బుక్‌షెల్ఫ్ లాంటిదే ఇంకోటి తెచ్చి టీవీ కింద నిలువుగా పెట్టడం. మూడూ అచ్చంగా ఒకే గొంతుతో పలుకుతాయి, నా దృష్టిలో దీన్ని మించింది లేదు. కానీ నిలువుగానే పెట్టాలి, పడుకోబెడితే మళ్లీ అదే గొడవ. అవి జతగా అమ్ముతారు, ఒక్కటే ఇస్తారా అని డీలర్‌ని ముందే అడుగు. మూడోది, ట్వీటర్‌ని వూఫర్ మధ్యలోనే అమర్చిన రకం. ఇంగ్లండ్‌లోని మెయిడ్‌స్టన్‌లో 1961లో మొదలైన కెఫ్ కంపెనీ 1988లో యూని-క్యూ పేరుతో దీన్ని తెచ్చింది. పై శబ్దం, మధ్య శబ్దం ఒకే చోటు నుంచి వస్తాయి కాబట్టి పక్కన కూర్చున్నా గొంతు మారదు. వాళ్ల క్యూ సిరీస్‌లో సెంటర్‌కి కూడా మధ్యలో ఆ అమరికే ఉంటుంది.

క్లిప్ష్ కంపెనీ స్పీకర్ల గురించి ప్రత్యేకంగా అడిగావు. అమెరికాలో ఆర్కన్సాలోని హోప్ అనే ఊళ్లో 1946 నుంచీ వాళ్లు హార్న్‌నే, అంటే గరాటులా విప్పారే స్పీకర్ నోటినే, నమ్ముకున్నారు. తక్కువ వాట్లకే గట్టిగా పలుకుతాయి, ఫైట్ సీన్లో ఆ దెబ్బ గుండెకి తగులుతుంది, అది నిజంగా ఆనందం. కానీ పై స్వరాలు ముందుకొచ్చి నిలబడతాయి. టైల్స్ పరిచిన హాల్లో గంటన్నర దాటాక నా చెవి అలసిపోతుంది. అమ్మ రోజూ సీరియల్స్ చూసే హాలు కాబట్టి నేనైతే కెఫ్ వైపే మొగ్గుతాను.

కాగితం మీద "200 వాట్లు" అని చూసి పొంగిపోకు. స్పీకర్ మీద రాసే వాట్లు అది ఎంత తట్టుకుంటుందో చెబుతాయంతే. చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే 2.83 వోల్టులు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డీబీ (డెసిబెల్, శబ్దం గట్టిదనానికి కొలత) వస్తుందో. 8 ఓమ్‌ల స్పీకర్‌కి అది సరిగ్గా ఒక వాట్. 4 ఓమ్‌ల దానికి రెండు వాట్లు, అందుకే దాని అంకె 3 డీబీ ఎక్కువ కనిపిస్తుంది, పోల్చేటప్పుడు గుర్తుంచుకో. 88 డీబీ స్పీకర్ నుంచి నీ సోఫాకి ఒక వాట్‌తో 78 చేరుతుంది, గోడలు ఇంకాస్త కలుపుతాయి. సినిమా మిక్స్ ప్రమాణంలో ముందు ఛానళ్ల పీక్ 105 డీబీ. ఇంట్లో 95 అంటేనే చాలా గట్టి. దానికి 47 వాట్లు కావాలి, 91 డీబీ స్పీకర్ అయితే అందులో సగం చాలు. నీ రిసీవర్ మీద 80 వాట్లని ఉన్నది రెండు ఛానళ్లు మోగుతున్నప్పటి లెక్క, అన్నీ ఒకేసారి మోగితే తగ్గుతుంది. అయినా టెన్షన్ పడకు, 88 పైన ఉన్నదేదైనా నీ హాలుకి హాయిగా సరిపోతుంది.

షాపులో డెమో అడిగినప్పుడు ఒక్కటి గట్టిగా పట్టుకో. రెండు స్పీకర్లని పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉండాలి. ఒక్క డీబీ ఎక్కువున్నా చెవికి అదే గొప్పగా తోస్తుంది. ఫోన్లో డీబీ కొలిచే యాప్ వేసుకుని, ఒకే చోట కూర్చుని, రెండిటికీ పింక్ నాయిస్ (పరీక్షకి వాడే హోరు శబ్దం) పెట్టించి సమం చేయించు. మొహమాటపడకు. 1980ల్లో కెనడాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ అనే ఆయన స్పీకర్లని తెర వెనక దాచి జనానికి వినిపించాడు. పేరు, ధర, అందం ఏవీ కనిపించనప్పుడు చాలామంది ఒకే రకం స్పీకర్లని మెచ్చుకున్నారు. అవి ఎదురుగా సమంగా పలికేవి, పక్కకి జరిగినా గొంతు చెడనివి. అందుకే వినేటప్పుడు నువ్వూ కళ్లు మూసుకో, లేచి పక్క కుర్చీలోకి కూడా వెళ్లి విను. బాంబులు పేలే సీన్లు పెట్టించుకోకు, అవి ఎందులోనైనా బాగుంటాయి. వానలో ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీన్ పెట్టించు. స, శ, ష విడివిడిగా వినపడుతున్నాయా, ఒత్తులు పలుకుతున్నాయా చూడు.

పాత టవర్లు ఎవరో తక్కువకి ఇస్తామన్నారని కూడా రాశావు. కోన్ చుట్టూ ఉండే అంచు రబ్బరా, ఫోమా చూడు. ఫోమ్ ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడి అయిపోతుంది, మీ కాకినాడ తేమలో ఇంకా తొందరగా. ఫోమ్ అయితే ఆ బేరం వదిలెయ్.

స్పీకర్లతో సమానంగా నీ హాలు మీదా దృష్టి పెట్టాలి. నేలంతా విట్రిఫైడ్ టైల్స్, గోడలు నున్నటి ప్లాస్టర్, ఒక పక్కంతా అద్దాల కిటికీ. శబ్దం వీటికి కొట్టుకుని తిరుగుతూనే ఉంటుంది. మాట అర్థమయ్యేది హల్లుల వల్ల. వాటి బలం తక్కువ, నిడివి కూడా తక్కువ. మన మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి కదా, ఆ అచ్చు గోడలకి తగిలి సాగుతూ ఉండగా తర్వాతి మాట మొదటి హల్లు అందులో మునిగిపోతుంది. వాల్యూమ్ పెంచితే రెండూ కలిసే పెరుగుతాయి, అమ్మకి ఉపయోగం ఉండదు. సోఫాకీ టీవీకీ మధ్య దళసరి కార్పెట్ వెయ్, కిటికీకి నేల దాకా దిగే బరువైన కర్టెన్లు కుట్టించు. లక్షన్నరలోంచి పది పదిహేను వేలు దీనికి పక్కన పెట్టు. ఇందులో మాత్రం పిసినారితనం చేయకు.

సెంటర్‌ని షోకేస్ అరలోకి లోపలికి తోయకు. అంచుదాకా ముందుకి లాగు, ముందు వైపు కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి మొహం కొంచెం పైకెత్తు. వైరు 14 గేజ్ మందం చాలు, కానీ కొనేముందు చివర గీకి చూడు. లోపల తెల్లగా ఉంటే రాగి పూత వేసిన అల్యూమినియం. ఎరుపు, నలుపు తారుమారు కాకుండా బిగించు. రిసీవర్‌తో వచ్చిన మైక్‌తో సెటప్ చేసేటప్పుడు ఒక కొలత అమ్మ కుర్చీ దగ్గర కూడా తీయించు. అంతా అయ్యాక సెంటర్ ఒక్కటే 2 డీబీ పెంచు. రాత్రి బుడ్డోడు పడుకున్నాక డైనమిక్ రేంజ్ తగ్గించే సెట్టింగ్ ఆన్ చేస్తే మాటలకీ పాటలకీ తేడా తగ్గుతుంది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటుంది. టీవీ కింది అంచు నుంచి బల్ల పై దాకా ఎత్తు ఎంతో టేప్‌తో కొలిచి రాయి. 15 అంగుళాలు దాటితే మూడు బుక్‌షెల్ఫ్‌లు నిలువుగా పెట్టేద్దాం. టీవీని ఇంకాస్త పైకి జరపడానికి గోడలో వీలుందా అదీ చూడు, కానీ మరీ పైకైతే అమ్మకి మెడ నొప్పి వస్తుంది. 15 కన్నా తక్కువైతే యూని-క్యూ సెంటర్, అదే సిరీస్ బుక్‌షెల్ఫ్‌ల జత. నీ జవాబు రాగానే ఇక్కడి డీలర్ల దగ్గర ధర కనుక్కుంటాను.

నీ
రాజు