ఆ మూటలు విప్పడానికి తోడొచ్చినవాళ్లకు

మా వరంగల్ వైపు ఒక మానసిక చికిత్సాలయం స్టోర్‌రూమ్‌లో, ఒకప్పుడు అక్కడ ఉండి వెళ్లినవాళ్ల సామాన్లు మిగిలిపోయాయి. రేకు పెట్టెలు, చేతిసంచులు, పాత చీరల్లో కట్టిన మూటలు. వాటి ఫొటోలు తీసే పని పూర్తయింది. నా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, అందుకే ఈ పోస్టు.

న్యూయార్క్ రాష్ట్రంలోని విల్లర్డ్ మానసిక ఆసుపత్రి 1995లో మూతపడ్డప్పుడు అటక మీద దాదాపు 400 సూట్‌కేసులు బయటపడ్డాయి. జాన్ క్రిస్పిన్ అనే ఫొటోగ్రాఫర్ 2011 నుంచి వాటిని తెరిచి ఫొటోలు తీశారు. అవి చూసినప్పటి నుంచి మన దగ్గర ఎవరెవరి సామాన్లు ఎక్కడున్నాయో అని మనసు పీకుతూనే ఉంది.

అందరికన్నా ముందు వార్డు ఆయమ్మకు దండం. ప్రతి మూట విప్పేముందు ముడి ఎట్లా వేసి ఉందో చూసుకుని, ఫొటో అయ్యాక మళ్లీ అట్లాగే కట్టింది. "రేపు వాళ్లోళ్లు ఎవరన్న వస్తే, మా అమ్మ ముడి ఇది కాదంటరు బిడ్డా" అన్నది.

ఒక సంచిలో చిన్న కత్తెర, దారపు ఉండ, అడుగున పొడిపొడి అయిన తునికాకు. బీడీలు చేసిన మనిషి. కత్తెర పిడికి, వేలు ఒరుసుకుపోకుండా, గుడ్డ పేలిక చుట్టి ఉంది. ఆ పేలిక నేత కనబడాలంటే ఫ్లాష్ పనికిరాదు. స్టూడియో అన్న పెళ్లిళ్ల సీజన్‌లో కూడా తన లైట్లు ఇచ్చాడు, కిరాయి మాటెత్తితే కోప్పడ్డాడు.

వకీలు అక్కకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. చికిత్సలో ఉన్నవాళ్ల ఫొటో గానీ వివరాలు గానీ వాళ్ల ఒప్పుదల లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ చెబుతుంది. వెళ్లిపోయినవాళ్లకూ అదే మర్యాద దక్కాలని అక్క పట్టుబట్టింది. ఆమె మాట నూటికి నూరుపాళ్లు నిజం. పేర్లు, ఉత్తరాలు ఏ ఫొటోలోనూ కనబడవు. కుటుంబాల సంగతి ఆసుపత్రివాళ్లతో తేలేదాకా ఏ ఫొటో బయటపెట్టను.

కొత్తవాడ నేత తాత ఒక జంపఖానా అంచు తడిమి, నేసిన చేయి వేరు, చిరిగినచోట కుట్టిన చేయి వేరని చూపించాడు. ఆ కుట్టు నేనైతే గమనించేవాణ్ని కాదు. తాతకు ఫోన్ లేదు. కొత్తవాడవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఆయనకు కాస్త వినిపించండి.