బండి తాళం చేతికిచ్చే ముందు ఎవరైనా నేర్పారా?

సంపాదకుడు గారికి నమస్కారమండి,

మైనర్ పిల్లలకి బండి ఇస్తే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25 వేలు ఫైను అని మొన్న మీ పేపర్లో చూశాను. కరెక్టే, 2019 సెప్టెంబర్ నుంచి ఆ సెక్షన్ ఉంది, 199ఎ అంటారు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, దొరికిన పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ లేదు. చట్టం మీద నాకేం పేచీ లేదు. కానీ అందరూ పట్టుకునే సంగతే మాట్లాడతారు గానీ ఆ కుర్రాడికి బండి నడపటం ఎవరు నేర్పారు, ఏం నేర్పారు అని ఒక్కళ్లు అడగరేంటండి? 17 ఏళ్ల 11 నెలలకి తప్పయింది 18 నిండిన మర్నాడు ఒప్పయిపోతుంది, ఆ ఒక్క నెలలో వాడికి కొత్తగా ఏమొచ్చిందని.

నేను 29 ఏళ్లు ఆర్టీసీలో స్టీరింగ్ పట్టినవాణ్ణి, 2021లో రిటైరయ్యాను. ఎక్కువ పల్లెవెలుగే, ఏలూరు చుట్టుపక్కల రూట్లు. (మా ఆవిడ అంటది, మీరు రిటైరయ్యారు గానీ మీ హారన్ ఇంకా రిటైరవలేదని.) పొద్దున ఎనిమిదిన్నరకి ఏ కాలేజీ టర్నింగ్ దగ్గరైనా చూడండి, బస్సు ఎడమకి తిప్పుతుంటే ఫుట్‌బోర్డు సైడు నుంచి స్కూటీ మీద ముగ్గురు దూరిపోతారు. డ్రైవర్ చూస్తున్నాడులే, ఆపుతాడులే అని వాళ్ల ధైర్యం. నిజం చెప్తున్నానండి, ఆ చోట ఉన్నవాడు మాకు అస్సలు కనపడడు.

ఇది నోటితో చెప్తే ఎక్కదు. పోయిన ఎండాకాలం సెలవుల్లో మా మనవణ్ణి, వాడి ఫ్రెండ్స్ ఇద్దర్ని మాకు తెలిసినాయన రైస్ మిల్లుకి తీసుకెళ్లాను, ముగ్గురూ ఇంటర్ ఎంపీసీ. మిల్లు ఆవరణలో లారీ ఒకటి ఆపి ఉంది. మావాణ్ణి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, వాడికి చెప్పకుండా ఒక ఫ్రెండ్‌ని సైకిల్‌తో సహా ఎడమ పక్క ముందు చక్రం దగ్గర నిలబెట్టా. వాడెక్కడున్నాడో చెప్పరా అన్నా. అద్దంలో చూశాడు, మెడ సాచాడు, ముందుకి వంగాడు, "లేడు తాతయ్యా, ఇంటికెళ్లిపోయాడా?" అన్నాడు. కిందనున్నవాడు చెయ్యెత్తి డోర్ మీద కొడితే ఉలిక్కిపడ్డాడు.

తర్వాత ఇటుక పెట్టాను. లారీ ఎడమకి తిరిగేటప్పుడు ముందు చక్రం ఎటుపోతుందో ముందే సున్నంతో గీత గీసి, ఆ గీతకి లోపల వైపు రెండడుగుల దూరంలో ఇటుక. లారీ డ్రైవర్ మెల్లగా తిప్పాడు, ముందు చక్రం ఇటుకని తాకకుండానే పోయింది, పిల్లలు తప్పించుకుందనుకున్నారు, ఈలోపు వెనక చక్రం వచ్చి దాన్ని పొడి చేసేసింది. పెద్ద బండి వెనక చక్రం ముందు చక్రం వెళ్లిన దారిన రాదండి, లోపలికి కోసుకుంటూ వస్తుంది. మూలమీద సందుంది కదా అని దూరినవాడు సరిగ్గా ఆ ఇటుక ఉన్న చోటే ఉంటాడు. ముగ్గురూ కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ రోజు నుంచి మావాడు సైకిల్ మీద వెళ్లినా సరే, టర్నింగ్‌లో బస్సు ఉంటే దాని వెనకే ఆగుతున్నాడు. మొత్తానికి అరగంట పని, ఖర్చు ఒక ఇటుక.

ఇంకో తమాషా. ఇదే పిల్లలు స్పీడు డబుల్ అయితే బ్రేక్ వేశాక ఆగే దూరం నాలుగింతలవుతుందని ఫార్ములా వేసి నాకే చూపించారు, ఫ్రిక్షన్ చాప్టరంట, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోసం బట్టీ పట్టారు. మరి బండెక్కితే ఆ ఫార్ములా ఎక్కడికి పోయిందిరా అంటే నవ్వుతారు. 80లో పోతుంటే సెకనుకి 22 మీటర్లు, అంటే దాదాపు రెండు బస్సుల పొడవు, ఎదురుగా గేదె వచ్చిందని బుర్రకెక్కి చెయ్యి బ్రేక్ మీదకి వెళ్లేలోపే ఆ రెండు బస్సులు దాటేసి ఉంటాడు. బ్రేక్ లెక్క ఆ తర్వాత మొదలవుతుంది. ఇది ఒక్కసారి గ్రౌండ్‌లో నడిపించి అడుగులతో కొలిపిస్తే చాలు, పరీక్షలో రాసేదానికీ రోడ్డుకీ సంబంధం ఉందని వాడికి అప్పుడు తెలుస్తుంది.

బ్రేక్ అంటే గుర్తొచ్చింది. మన ఇళ్లల్లో బండి నేర్పేది నాన్నో బాబాయో, వాళ్లు చెప్పే మొదటి మాట "ముందు బ్రేక్ ముట్టుకోకు, పల్టీ కొడతావు". నిజానికి ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదకొస్తుంది, ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే, తిన్నగా ఉన్నప్పుడు రెండూ కలిపి మెల్లగా బిగించాలి, ఇసకలో టర్నింగ్‌లో మాత్రం దాని జోలికి పోకూడదు. ఈ తేడా చెప్పరు, భయం మాత్రం చెప్తారు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లకి ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది), దాని కింద వాటికి కాంబీ బ్రేకో (ఒకటి నొక్కితే రెండు చక్రాలకీ పడేది) ఏబీఎస్సో ఉండాలని రూల్ పెట్టారు, బాగుంది, బండికి నేర్పారు. దాన్ని పట్టుకునే చేతికి ఎవరు నేర్పుతారు?

లైసెన్స్ టెస్టులో తేలిపోతుందిగా అంటారేమో. ఎల్ఎల్ఆర్‌కి (నేర్చుకునేవాళ్ల లైసెన్స్) కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలకి టిక్కులు, నెల తర్వాత వచ్చి బండితో ఎనిమిది అంకె వేయడం, కాలు కింద పెట్టకుండా వేస్తే పాస్. పది స్పీడులో ఎనిమిది వేసినవాడు అరవై స్పీడులో ఎలా ఆపుతాడో ఎవరికి తెలుసు? మా చుట్టాలబ్బాయి ఒకడు, ఏ ఆఫీసో చెప్పను, ఆ ఎనిమిదిలో కూడా సగంలో కాలు పెట్టేశాడు, ఏజెంట్ ఉన్నాడు కాబట్టి కార్డు మాత్రం ఇంటికొచ్చింది. కారుకైనా 2021లో కేంద్రం పద్ధతిగా ట్రైనింగ్ సెంటర్ల రూల్స్ తెచ్చింది, 29 గంటలు, అందులో 21 గంటలు ప్రాక్టికల్. మోటార్ సైకిల్‌కి నేర్పే చోటు మా వైపు నేనైతే ఒక్కటి చూడలేదు, డ్రైవింగ్ స్కూల్ బోర్డు మీద ఎప్పుడూ కారు బొమ్మే. 2022లో దేశం మొత్తం రోడ్ల మీద 1,68,491 మంది పోతే అందులో నూటికి 44 మంది టూవీలర్ వాళ్లే. ఎక్కువమంది చచ్చిపోయే బండికి నేర్పేవాడు లేడు.

16 ఏళ్లకి తల్లిదండ్రులు ఒప్పుకుంటే 50 సీసీ లోపు బండికి లైసెన్స్ ఇస్తారు, మా రోజుల్లో లూనా, టీవీఎస్ ఫిఫ్టీ ఉండేవి, ఇప్పుడు షోరూంకి వెళ్తే స్కూటర్లన్నీ 110, 125. రూలుంది, బండి లేదు. దాని బదులు బ్యాటరీ స్కూటర్లు వచ్చాయి, 250 వాట్లు, 25 స్పీడు దాటకపోతే లైసెన్స్ అక్కర్లేదు, షాపువాడు ఆ ముక్కే పెద్దక్షరాలతో రాస్తాడు, తొమ్మిదో తరగతి పిల్లకి కొనిచ్చేస్తారు. చప్పుడు కూడా ఉండదు, బస్సు పక్కకి వచ్చినా మాకు వినపడదు.

నేర్పితే ఇంకా ముందే బండి అడుగుతారని మా వీధిలో ఒకాయన నాతో వాదించాడు, అదే టైంకి వాళ్లబ్బాయి సందు చివర హ్యాండిల్ వదిలేసి తోలుతున్నాడు, ఇంక నేనేం చెప్పను. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను, స్టంట్లలాగా నేర్పితే పొగరు పెరుగుతుంది, అలాంటిది వద్దు. ప్రమాదం ఎటు నుంచి వస్తుందో చూడటం నేర్పాలి, బండి తిప్పడం వాళ్లకి ఎలాగూ వచ్చేస్తుంది.

అందుకని నేను అడిగేది చిన్నదే. ఇంటర్ ఫస్టియర్ అయ్యాక సెలవుల్లో పది రోజులు, ప్రతి జూనియర్ కాలేజీ గ్రౌండ్‌లో పెట్టండి, పబ్లిక్ రోడ్డు ఎక్కే పని లేదు కాబట్టి చట్టానికీ అడ్డం ఉండదనుకుంటాను. ఒక పాత బస్సు, రెండు బళ్లు, ఐఎస్ఐ మార్కు హెల్మెట్లు, సున్నం, ఇటుకలు. ఈ పది రోజుల సర్టిఫికెట్ ఉంటేనే 18 నిండాక ఎల్ఎల్ఆర్ అని ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు ఒక్క మాట అంటే తల్లిదండ్రులే పిల్లల్ని లాక్కొచ్చి కూర్చోబెడతారు. నేర్పేవాళ్లకి కొదవ లేదు, రిటైరైన ఆర్టీసీ డ్రైవర్లం ప్రతి ఊళ్లో ఉన్నాం, పొద్దున టీ తాగి పేపర్ చదవడం తప్ప వేరే పని లేదు. ఏలూరు చుట్టుపక్కల ఏ కాలేజీ వాళ్లయినా పిలిస్తే నేను డబ్బులడగను, పొద్దున ఆరింటికి వచ్చేస్తాను, ఎండెక్కకముందే అయిపోవాలి. ఇటుకలు నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్, ఏలూరు